వడదెబ్బ: షర్బత్ ఎప్పుడు, నీళ్ల బిందె ఎప్పుడు?

ఎండాకాలం రాగానే మన ఇళ్లలో రెండు సీసాలు బయటికి వస్తాయి. ఒకటి రూహ్ అఫ్జా, రెండోది అర్ఖ్-ఎ-గులాబ్. రెండూ మంచివే. 1907లో ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ గారు తమ హమ్‌దర్ద్ దవాఖానాలో రూహ్ అఫ్జా తయారు చేసింది వేసవి తాపం నుంచి జనానికి ఉపశమనం ఇవ్వడానికే. అయితే ఈ సీసాల మీద మనకున్న నమ్మకం ఒక్కోసారి ప్రమాదం తెచ్చిపెడుతుంది. షర్బత్‌తో తగ్గిపోయే ఎండ బాధ ఒకటి ఉంది. షర్బత్ తాగించబోతే ప్రాణం మీదికి వచ్చే ఎండ బాధ మరొకటి ఉంది. ఈ రెంటికీ తేడా ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఈ వారం ఆ తేడా గురించే చెప్పుకుందాం.

గాలికీ ఒక మిజాజ్ ఉంది

మనిషి ఆరోగ్యాన్ని నిలబెట్టే, చెడగొట్టే తప్పనిసరి కారణాలు ఆరు అని యునానీ వైద్యం చెబుతుంది. వాటిని అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. తిండీ నీళ్లూ, శ్రమా విశ్రాంతీ, నిద్రా మెలకువా, మనసు స్థితి, ఒంట్లో నిలవాల్సినవి నిలవడం, పోవాల్సినవి పోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కాని హకీములు అన్నిటికంటే ముందు లెక్కపెట్టేది హవాను, అంటే గాలిని. మనుషులకు ఉన్నట్టే గాలికీ మిజాజ్ ఉంటుంది. కడప, కర్నూలు వైపు ఏప్రిల్, మే నెలల్లో వీచే గాలి గర్మ్-ఖుష్క్, అంటే వేడి, పొడి. మన తిరువొత్తియూరు గాలి గర్మ్-తర్, అంటే వేడి, తేమ. తూర్పున సముద్రం ఉన్నంతకాలం ఇది మారేది కాదు.

ఈ తేడా తెలుసుకోవడానికి కితాబులు అక్కర్లేదు, మట్టి కుండ చాలు. కర్నూలులో మే నెల మధ్యాహ్నం కుండలో నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. అదే కుండను ఇక్కడికి తెచ్చి వంటింటి మూల పెట్టండి, నీళ్లు అంత చల్లబడవు. కుండ గోడల నుంచి ఊరిన తడి గాలిలోకి ఆరిపోతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. మన ఒళ్లు కూడా అలాంటి కుండే. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిపోయిన చెమటే చల్లబరుస్తుంది. ఇక్కడ రోజంతా చెమట ధారగా కారుతూనే ఉంటుంది, చొక్కా పిండితే నీళ్లు వస్తాయి, లోపలి వేడి మాత్రం దిగదు. ఉప్పూ నీళ్లూ పోతాయి, చల్లదనం దక్కదు.

అందుకే పేపర్లో వేసే డిగ్రీలను మాత్రమే చూసి ధైర్యపడకూడదు. చెన్నైలో 2003 మే నెలాఖరులో 45 డిగ్రీలు నమోదైంది. అదే వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఇవన్నీ మండే ఎండల లెక్కలు, అందరూ భయపడతారు, జాగ్రత్తపడతారు. కాని 2024 అక్టోబరు 6న మన మెరీనా తీరంలో జరిగింది చూడండి. వాయుసేన విమాన విన్యాసాలు చూడటానికి లక్షల మంది పొద్దుటి నుంచే ఇసుకలో నిలబడ్డారు. ఐదుగురు చనిపోయారు, ఎంతోమంది సొమ్మసిల్లి ఆసుపత్రుల పాలయ్యారు. అది అగ్ని నక్షత్రం కాదు, రోహిణీ కార్తె కాదు, అక్టోబరు నెల. ఎండ 45 కాదు, 35 డిగ్రీల దరిదాపు. నెత్తిన ఎండ, గాలిలో తేమ, చుట్టూ ఊపిరాడని జనం, చేతికందని నీళ్లు, ఇల్లు చేరే దారిలో గంటల ఆలస్యం, ఇవన్నీ కలిస్తే 35 డిగ్రీలు కూడా చాలు. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది.

చెమట పడుతోంది కదా, భయం లేదు అనుకోవద్దు

మన పెద్దలు వడదెబ్బకు ఒక గుర్తు చెబుతారు. చెమట ఆగిపోయి, ఒళ్లు పొడిబారి, పెనంలా కాలిపోవడం. ఆ గుర్తు నిజమే. ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లకు రెండు మూడు రోజుల ఉక్కలో మెల్లగా వచ్చే వడదెబ్బ తరచు అలాగే ఉంటుంది. కాని గూడ్స్ దించే కుర్రవాడికీ, వెల్డింగు షెడ్డులో పనిచేసే అబ్బాయికీ, వలీమా విందులో దేగ్‌ల ముందు తెల్లవారుజాము నుంచి నిలబడిన బావర్చీకీ వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా తడిగానే ఉండవచ్చు. చెమట ఉన్నంత మాత్రాన వడదెబ్బ కాదని తీర్మానించకండి. మన ఊరి గాలిలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ.

మరి దేన్ని చూడాలి? మనిషి తెలివిని చూడాలి. నా దృష్టిలో ఇంటివాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

మొదటి మెట్టులో పిక్కలు, పొట్ట కండరాలు పట్టేస్తాయి. ఇది ఉప్పు పోయిన గుర్తు. ఆపైన తల దిమ్ము, విపరీతమైన నీరసం, వికారం, వాంతి, తలనొప్పి, గుండె దడ, ముఖం పాలిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. మూత్రం తగ్గి ముదురు పసుపుగా వస్తుంది. ఇంతవరకూ మనిషి మీరు అడిగినదానికి సరిగ్గా జవాబు చెబుతాడు. పేరు, రోజు, ఎక్కడున్నాడో చెబుతాడు. దీన్ని ఎండ బడలిక అనుకోండి. నీడ, నీళ్లు, ఉప్పు, షర్బత్, పడక, వీటితో ఒక గంటలోపు తేరుకోవాలి. తేరుకోకపోయినా, వాంతులతో నీళ్లు నిలవకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మాట తడబడిందా, ఇక లెక్క మారిపోయింది. మీ అబ్బాజాన్ జుహర్ తర్వాత పడుకున్నారు, అస్ర్‌కు లేపితే వింతగా మాట్లాడుతున్నారు, మిమ్మల్ని గుర్తుపట్టడం లేదు, ఊరికే కోపగించుకుంటున్నారు, నడిస్తే తూలుతున్నారు. ఒళ్లు ముట్టుకుంటే సెగ. నిద్రమత్తులే, వయసు చాదస్తంలే అని తలుపు దగ్గరగా వేసి వచ్చేయకండి. పలవరింత, మగత, ఫిట్స్, స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది వడదెబ్బే అనుకుని కదలాలి. అరబ్బీ, ఉర్దూ వైద్య భాషలో జర్బత్-ఉష్-షమ్స్ అనేది ఇదే. లోపలి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. చంకలో థర్మామీటరు పెడితే అంతకంటే తక్కువే చూపవచ్చు, ఆ అంకె చూసి ఊరట పడవద్దు. థర్మామీటరు కోసం అల్మారాలు వెతుకుతూ కూర్చోవద్దు కూడా.

నోట్లో కాదు, ఒంటిమీద

యునానీలో చికిత్సకు ఒక వరుస ఉంది. ఇలాజ్-బిత్-తద్‌బీర్, అంటే ఒంటికి బయటి నుంచి చేసే ఉపాయం. ఇలాజ్-బిల్-గిజా, అంటే ఆహారంతో చేసేది. ఇలాజ్-బిద్-దవా, అంటే మందుతో చేసేది. మనం అలవాటుగా చివరిదాన్ని ముందు పట్టుకుంటాం. వడదెబ్బలో తద్‌బీరే చికిత్స. వేడికి విరుగుడు చల్లదనం, దీన్నే ఇలాజ్-బిజ్-జిద్ అన్నారు. ఒంటిమీద నీళ్లు ధారగా పోయడాన్ని నుతూల్ అనీ, నీళ్లలో కూర్చోబెట్టడాన్ని ఆబ్‌జన్ అనీ మన హకీములు ఎప్పుడో పేర్లు పెట్టి వాడారు. ఇబ్నె సీనా తన అల్-ఖానూన్‌లో ఎండ తగలడం వల్ల వచ్చే జ్వరాన్ని హుమ్మా-ఎ-యౌమ్, అంటే ఒంట్లో దోషం చెడకుండానే వచ్చే జ్వరాలలో చేర్చాడు. జ్వరపు వేడిని నీటితో చల్లార్చమన్న ప్రవక్త (స) బోధ మనకు తెలిసిందే. నేటి ఆసుపత్రుల్లోనూ వడదెబ్బకు మొదటి వైద్యం నీళ్లూ మంచే. ఈ ఒక్క విషయంలో పాత వైద్యం, కొత్త వైద్యం పక్కపక్కనే నిలబడ్డాయి.

కాబట్టి ఇలా చేయండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు అదే క్షణంలో చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకూడదు. మనిషిని నీడలోకి, వీలైతే కింది అంతస్తులోకి తేండి. బిగుతు బట్టలు వదులు చేయండి, పైబట్టలు తీసేయండి. పరదా మర్యాద కోసం పల్చటి నూలు దుప్పటి కప్పి, ఆ దుప్పటినే తడిపి ఉంచవచ్చు. బిందెతో, మగ్గుతో తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తూ ఉండండి, ఫ్యాను పెట్టండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒక తడిగుడ్డ, ఒక ఫ్యాను సరిపోవు. నీళ్లు ధారాళంగా కావాలి, చల్లగా ఉంటే ఇంకా మేలు. ఫ్రిజ్‌లో ఉన్న మంచు ముక్కలను, లేదా కాసిమేడు, రాయపురం వైపు చేపలవాళ్ల దగ్గర దొరికే మంచును గుడ్డలో చుట్టి మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పెద్ద రక్తనాళాలు అక్కడే చర్మానికి దగ్గరగా ఉంటాయి. పనిచేస్తూ పడిపోయిన యువకుడైతే, పెద్ద టబ్బు దొరికితే, తల నీటిపైన ఉండేలా పట్టుకుని మెడదాకా చన్నీళ్లలో కూర్చోబెట్టడం అన్నిటికంటే త్వరగా పనిచేస్తుంది.

ఇక్కడ ఇంట్లో ఒక పెద్దావిడ తప్పకుండా అడ్డుపడుతుంది. “కాలే ఒంటిమీద చన్నీళ్లా? జన్ని కమ్ముతుంది, చంపేస్తారా?” అంటుంది. ఆమెది ప్రేమే, కాదనను. జలుబు జ్వరానికో, చలిజ్వరానికో ఆ మాటలో కొంత అర్థం ఉంది. వడదెబ్బలో మాత్రం ఆ జంకుతో పోయే నిమిషాలే మెదడునూ, మూత్రపిండాలనూ, కాలేయాన్నీ కాల్చేస్తాయి. అరగంటలోపు వేడి దిగిన మనిషికీ, రెండు గంటల తర్వాత దిగిన మనిషికీ మధ్య తేడా బతుకంత పెద్దది. ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. 108 ఆలస్యమై ఆటోలోనో కారులోనో తీసుకుపోవాల్సి వస్తే దారిపొడవునా తడుపుతూనే వెళ్లండి. మనవైపు వారికి తండయార్‌పేట ప్రభుత్వ ఆసుపత్రి, స్టాన్లీ ఆసుపత్రి దగ్గర.

స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. షర్బత్ వద్దు, ఆబ్-ఎ-జమ్‌జమ్ కూడా వద్దు, తేరుకున్నాక తాగిద్దురు. మింగలేని మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అయ్యేలా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పారాసెటమాల్, ఆస్పిరిన్ ఈ వేడిని దించవు, పైగా హాని చేయవచ్చు. ఉల్లిపాయ రసం అరికాళ్లకు రుద్దడం చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల నష్టం లేదు కాని, ఉల్లిపాయ దంచే చేతులు ఆ సమయంలో నీళ్లు పోయాలి. షుగరు మందులు వాడేవారు తికమకగా మాట్లాడితే రక్తంలో చక్కెర పడిపోవడం కూడా కారణం కావచ్చు, ఆ సంగతి అంబులెన్స్ వారికి మరచిపోకుండా చెప్పండి.

షర్బత్‌కు సమయం

తెలివి నిక్కచ్చిగా ఉండి, బడలిక మాత్రమే ఉన్నవారికీ, అసలు ఆ బడలిక రాకుండా చూసుకోవాలనుకునేవారికీ ఇప్పుడు చెప్పేవి.

చెమటలో నీళ్లతోపాటు ఉప్పు పోతుంది. రూహ్ అఫ్జాలోనూ, షర్బత్-ఎ-సందల్, షర్బత్-ఎ-నీలోఫర్ వంటి వాటిలోనూ చక్కెర నిండుగా ఉంటుంది, ఉప్పు మాత్రం ఉండదు. అవి గుండెకు, మనసుకు హాయినిస్తాయి గాని పోయిన ఉప్పును తిరిగి ఇవ్వలేవు. కాబట్టి బాగా చెమట పట్టిన మనిషికి మొదటి గ్లాసు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, లేదా ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు, లేదా ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. తర్వాత షర్బత్. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తల గొట్టిన చిన్న చెంచాలు ఆరు చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. అంతకు మించి ఉప్పు వేయకండి. గుటకలు గుటకలుగా తాగించాలి.

చింతపండు జులాల్ మన పాత మందు. తమర్-ఎ-హిందీ అన్న పేరే చూడండి, అరబ్బులు దీన్ని హిందూదేశపు ఖర్జూరం అన్నారు. నిమ్మకాయంత చింతపండును గ్లాసు నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, పిసకకుండా పైతేట మాత్రం వంచుకుని, కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి తాగాలి. సఫ్రా, అంటే పైత్యం అణుగుతుంది, వికారం పోతుంది. కడుపులో పుండు, పుల్లత్రేన్పులు ఉన్నవారు దీని జోలికి పోవద్దు. తుఖ్మ్-ఎ-రైహాన్, మనం సబ్జా గింజలనేవి, ఒక చెంచా పావుగంట నానబెట్టి షర్బత్‌లో వేసుకోండి. పొడిగా మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడతాయి, పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. ఖుర్ఫా అని యునానీ కితాబుల్లో మెచ్చుకున్న ఆకు మన గంగవావిలి కూరే. పప్పులో వేసి వండితే అదే గిజా, అదే దవా. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు తగ్గించుకోవాలి. తాటిముంజలు, పుచ్చకాయ, కీరా గురించి వేరే చెప్పనక్కర్లేదు, బజారే చెబుతుంది.

షుగరు ఉన్నవారికి తీపి షర్బత్‌లు వద్దు, మజ్జిగ, నిమ్మనీళ్లు, సబ్జా చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్లు డాక్టరును అడగకుండా తాగరాదు, అందులో పొటాషియం ఎక్కువ. గుండె జబ్బుకు నీళ్లు కొలిచి తాగమన్నవారు ఎండాకాలపు కొలత ఎంతో ముందే అడిగి ఉంచుకోండి. మరో సంగతి, మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. మూత్రం ఎక్కువగా పోయించే బి.పి. మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మత్తునిచ్చే జలుబు మాత్రలు ఒంటిని వేడికి లొంగదీస్తాయి. సొంతంగా మానేయకండి, వేసవి రాకముందే డాక్టరుతో మాట్లాడండి.

ముసలివారికి దాహం సరిగ్గా తెలియదు. దాదీమాను “నీళ్లు కావాలా?” అని అడిగితే వద్దనే అంటారు. అడగకుండా గంటకోసారి గ్లాసు చేతికివ్వండి. పై అంతస్తులో సిమెంటు రేకుల కింద, లేదా కాలిపోయిన డాబా కింద గదిలో ఆమె మంచం ఉంటే ఈ రెండు నెలలు కిందికి మార్చండి. డాబా పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది, అందుకే రాత్రి పది గంటలకు కూడా ఆ గదిలో ఒళ్లు చల్లబడదు. ఆడవారి విషయం ఎవరూ రాయరు గనుక నేను రాస్తాను. బజారులో, బస్సు ప్రయాణంలో మరుగుదొడ్డి ఉండదన్న భయంతో మన ఆడవారు పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు. ఆ పైన బుర్ఖా, ఇంటికి రాగానే పొయ్యి. పరదాకు నలుపే కావాలన్న నియమం లేదు. వదులుగా, లేత రంగులో, నూలు బట్టతో కుట్టించుకోండి. వంట పదిన్నరలోపు ముగిసేలా ఇంట్లో అందరూ సర్దుకోవాలి, ఇందులో మగవారి వంతే ఎక్కువ.

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కొంత చల్లబడేదాకా ఆలస్యం చేయమన్న సూచన హదీసుల్లో ఉంది. ఎండలో పనిచేసే అబ్బాయిలకు ఇది పెద్ద వెసులుబాటు. రంజాన్ ఇప్పుడు చలికాలం వైపు జరిగింది, అల్‌హమ్‌దులిల్లాహ్. అయినా వేసవిలో నఫిల్ ఉపవాసాలు, ఖజా ఉపవాసాలు ఉండేవారు ఉన్నారు. కళ్లు తిరిగి, మాట తడబడే స్థితి వస్తే ఉపవాసం విరమించి నీళ్లు తాగడానికి షరీఅత్ అనుమతి ఉంది, తర్వాత ఖజా చేసుకోవచ్చు. హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు 2024 జూన్‌ను గుర్తుంచుకోవాలి. ఆ హజ్‌లో మస్జిదుల్ హరామ్ వద్ద 51.8 డిగ్రీల ఎండ కాసింది. 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు అనుమతి పత్రాలు లేకుండా వచ్చి, నీడా బసా లేక ఎండలో మైళ్ల కొద్దీ నడిచినవారే. తక్కువ ఖర్చని ఏజెంటు చెప్పే అడ్డదారి మాటకు మీ తల్లిదండ్రులను అప్పగించకండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక

వడదెబ్బ తిని బతికి బయటపడ్డ మనిషి మరునాడే పనిలోకి పోకూడదు. ఒళ్లు వేడిని ఓర్చుకునే శక్తి కొన్ని వారాలపాటు తగ్గి ఉంటుంది, ఆ రోజుల్లో మళ్లీ ఎండ తగిలితే రెండో దెబ్బ సులువుగా పడుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు చితికి మూత్రపిండాల మీద భారం పడుతోందని అర్థం, వెంటనే తిరిగి ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు చెప్పిన కిడ్నీ, లివరు రక్త పరీక్షలు మానకండి.

నీరసం, గుండె దడ, ఆకలి లేకపోవడం మిగిలిపోతే యునానీకి అప్పుడు మంచి చోటు ఉంది. ఖమీరా-ఎ-గావ్‌జుబాన్, ఖమీరా-ఎ-సందల్ వంటివి హకీములు ఇస్తారు. వీటిలోనూ చక్కెర ఉంటుంది కాబట్టి షుగరు సంగతి ముందే చెప్పండి, నాడి చూపించుకోకుండా అంగట్లో కొని తినకండి. రాయపురంలో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది, అరుంబాక్కంలో ప్రభుత్వ యునానీ వైద్య కళాశాల ఉంది. వెళ్లేటప్పుడు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకువెళ్లండి. పనిలోకి దిగేటప్పుడు మొదటి వారం పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే చేయించమని మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి, ఆపైన రోజుకు కొంచెం కొంచెం పెంచుకోవచ్చు.